ఖాళీ పాతర

రండమ్మా, రండి. ఆ చాప ఇంకాస్త ఇటు లాగండి. గోడకి ఆనుకున్న అయ్యలు కూడా ముందుకు జరగండి. ప్రార్థనలో ఎలాగూ వెనక వరసే మీది, కథలోనైనా ముందుకు రండి. ఆఁ, అలా. దేవుడు మనల్ని ఒకచోట చేర్చాడు. మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంటే ఆయనకీ సంతోషం, నా గొంతుకీ సుఖం.

ఇవాళ మనవాడి కథ చెబుతాను. పేరు శౌరయ్య. పల్నాటివాడు. మఠంలో చేరి బ్రదరయ్యాడు. మన్ను తవ్వి, ఎప్పటెప్పటి మనుషుల ఆనవాళ్ళో బయటికి తీసే చదువు చదివాడు. మఠం పెద్దలు అతన్ని సముద్రాల అవతలికి, మెక్సికో దేశంలో ఉత్తరాన ఉన్న ఒక ఎడారికి పంపించారు. అక్కడ కొండల నడుమ చిన్న మఠం ఒకటి ఉంది. దాని పక్కనే ఒక వాగు. ఏడాది పొడుగునా ఎండిపోయి పడుకుని, వాన పడిన నాడు మాత్రం ఒళ్ళు తెలియకుండా పరిగెత్తే వాగు.

ఆ వాగు ఒడ్డున శౌరయ్య తవ్వుతున్నాడు. తవ్వుతున్నాడు, తనలో తాను గొణుక్కుంటున్నాడు.

ఎందుకంటే, అతనికో నమ్మకం. వేల ఏళ్ళ కిందట ఈ ఎడారిలోనే మనుషులు గుడిసెలు వేసుకుని, ఊరుగా కూడి, మొక్కజొన్న పండించారని. పెద్ద చదువులవాళ్ళు వినలేదు. "అప్పట్లో ఆ ఇసుకలో ఎవరు పండిస్తారయ్యా? కాయా దుంపా ఏరుకుంటూ తిరిగి ఉంటారు, అంతే" అన్నారు.

శౌరయ్యకి గుడిసెల నేలలు దొరికాయి. పొయ్యిరాళ్ళు దొరికాయి. వాగులోంచి నీళ్ళు మళ్ళించిన సన్నటి కాలువ జాడ దొరికింది. గింజ నూరుకునే రాయి, అచ్చం మన సన్నికల్లులాంటిదే, నడుము అరిగిపోయి దొరికింది. ఇక గింజలు దాచుకునే గుంతలైతే వాగు పొడుగునా ఉన్నాయి. మూతి సన్నగా, కడుపు పెద్దగా, భూమిలోకి దించిన కుండల్లాంటి గుంతలు.

అన్నీ ఖాళీ.

అడుగున కాస్త ఇసుక. ఎప్పుడైనా గింజ ఒలిచాక మిగిలే బెండు ముక్క ఒకటి, కాలినది, గోరంత. అది చూపిస్తే పెద్ద చదువులవాళ్ళు, "గోరంత ముక్క ఎలకైనా తెచ్చి పడేసి ఉంటుంది" అన్నారు. చెప్పండి, మనిషికి కడుపు మండదూ? ఒక్క గుంత నిండుగా దొరికితే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. ఆ ఒక్కటీ దొరకదు.

ఇంతవరకూ అతని కష్టం. ఇక కష్టం మీద కష్టం, అతని గురువు.

సెవేరో స్వాములవారు. ముసలాయన. శౌరయ్యకి ఆ ఎడారి మట్టిని చదవడం నేర్పింది ఆయనే. గునపం ఎక్కడ ఆపాలో, తాపీ ఎక్కడ పట్టాలో, కుంచె ఎప్పుడు తియ్యాలో ఆయన చెయ్యి పట్టుకుని చూపించారు. నెత్తిన ఒక గడ్డిటోపీ. దాని అంచు ఎప్పుడో మేక నమిలేసింది. రోజూ ఎండ ఎక్కే వేళకి కర్ర ఊతంగా వచ్చి, తవ్వుతున్న గుంత పక్కన ఒక రాయి చూసుకుని కూర్చునేవారు. వాళ్ళు మాట్లాడుకునేది అక్కడి భాషలోనే, నేను మన మాటల్లో చెబుతున్నాను.

"ఏమైంది నాయనా?"

"అడుగు తగిలింది స్వామీ."

"ఏముంది?"

"ఏముంటుంది? ఖాళీ."

స్వాములవారు రెండు చేతులూ చరిచి, "దేవునికి స్తోత్రం!" అనేవారు.

మొదటిసారి శౌరయ్య, పాపం ముసలాయన నన్ను ఓదారుస్తున్నారు అనుకున్నాడు. రెండోసారి, సరిగా వినపడలేదేమోనని గుంతలోంచే అరిచాడు. "ఖాళీ స్వామీ! ఖాళీ!"

"వినపడిందయ్యా. స్తోత్రం!"

ఆ తర్వాత ఇంకో గుంత. మళ్ళీ ఖాళీ, మళ్ళీ చప్పట్లు. శౌరయ్య తాపీ విసిరికొట్టి పైకి వచ్చాడు. జుట్టులో ఇసుక, ముక్కులో ఇసుక, మాటలో కూడా ఇసుకే.

"స్వామీ, మీకు దణ్ణం పెడతాను. నా కష్టం మీద స్తోత్రాలు చెప్పకండి."

"నీ కష్టం మీద కాదు నాయనా. గుంత మీద."

"గుంతలో ఏమీ లేదు!"

"నేనూ అదే అంటున్నాను."

నవ్వండి, నవ్వండి. మీకేం, చాప మీద కూర్చున్నారు. అతను ఎండలో నిలబడ్డాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ ముళ్ళచెట్టు నీడలో కూర్చుని మొక్కజొన్న రొట్టె తింటున్నారు. స్వాములవారు అడిగారు.

"మీ దేశంలో ఇలాంటి గుంతలున్నాయా?"

శౌరయ్య ముఖం కాస్త విచ్చుకుంది. ఊరు గుర్తొస్తే ఎవరికైనా అంతే. "ఎందుకు లేవు స్వామీ? మా నాయన హయాంలో మా వాకిట్లోనే ఉండేది. జొన్నలు పోసి, పైన చొప్ప పరిచి, మట్టి మెత్తేవాళ్ళు. దాన్ని పాతర అంటాం."

"పాత్తర."

"అంత ఒత్తక్కర్లేదు. పాతర."

"పాత్తర," అన్నారు స్వాములవారు మళ్ళీ, ఎంతో సంతోషంగా. "మరి తీసేటప్పుడు?"

"మూత తియ్యగానే మనిషి దిగకూడదు స్వామీ. లోపల గాలి చెడ్డది. ముందు దీపం దించి చూస్తారు. ఆరిపోతే ఎవరూ దిగరు."

"ఆరిపోతే ఏం చేస్తారు?"

"ఏముంది, మూత తెరిచి వదిలేస్తారు. గాలి ఆడితే అదే బాగవుతుంది."

స్వాములవారు రొట్టె నములుతూ తలూపారు. ఆ రోజంతా ఎక్కడ గుంత కనిపించినా కర్రతో చూపించి, "పాత్తర! పాత్తర!" అంటూ తిరిగారు. శౌరయ్యకి, ఈ మాట ఎందుకు చెప్పానురా దేవుడా అనిపించింది.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే అతని కుంచె కింద నల్లగా మెరిసింది. ఇంకాస్త దులిపాడు. నలుపు. ఇంకాస్త. అంతా నలుపే. కాలిన దూలాల కింద, కూలిపోయిన మట్టి మూత కింద, కండె పక్కన కండె, పొర మీద పొర పేర్చి, గింజలతో సహా బొగ్గయిపోయిన మొక్కజొన్న. గుంత నిండా. మూతిదాకా.

అమ్మా, అతని కేక కొండకి తగిలి తిరిగొచ్చింది. "స్వామీ! స్వామీ! నిండా ఉంది!"

స్వాములవారు పడుతూ లేస్తూ వచ్చారు. వంగి చూశారు. నెత్తిమీది టోపీ తీశారు. ఆ మండుటెండలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డంలోకి పోయాయి.

"స్వామీ, ఇటు చూడండి! ఖాళీ వాటికి అన్నన్ని స్తోత్రాలు చెప్పారే, దీనికి ఒక్కటి చెప్పరేం?"

"వీళ్ళు తిరిగి రాలేదు నాయనా," అన్నారు స్వాములవారు.

"ఎవరు?"

"దాచిపెట్టుకున్నవాళ్ళు. తినడానికీ, విత్తడానికీ."

శౌరయ్య విన్నాడు, కానీ ఆ సంతోషంలో అది చెవి దాటి లోపలికి పోలేదు. పైగా ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళకి ఒక్క మంచి రోజు వస్తే దానికీ ఏడవాలా?

రాజధాని నుంచి ముగ్గురు పెద్దలు వస్తామన్నారు, వాన వెలిశాక, దారి పడ్డాక. వాళ్ళు చూసి ఔనంటే తవ్వకం సాగుతుంది. కాదంటే గుంతలన్నిటినీ మట్టితో పూడ్పించి శౌరయ్యని ఇంటికి పంపేస్తారు. అందుకని అతను ఒక ఆలోచన చేశాడు. బొగ్గయిన గింజ ఉబ్బి ఆకారం మారిపోతుంది కదా, దాన్ని ఒక్కదాన్నే చూపిస్తే మళ్ళీ ఎలకల సంగతి ఎత్తుతారు. దాని పక్కనే ఈ లోయలో ఇప్పటికీ పండే పాత రకం కండెలు పెట్టి చూపిస్తే? అదే పొట్టి కండె, అదే గింజల వరస. అప్పుడు ఎవరు కాదంటారు?

ఆ పాత రకం కండెలు మఠం వంటింట్లో ఉన్నాయి. పై ఆకులు జడలా అల్లి దూలానికి వేలాడగట్టారు. పొయ్యి పొగ పట్టి పురుగు రాకుండా ఉంటాయని. వాన పడిన రెండు నెలల్లో చేతికొచ్చే రకం అది, ఆ ఎడారికి అంతకంటే పెద్ద ఓపిక లేదు. దిగువనున్న చిన్న పల్లెవాళ్ళు వేసేది ఆ రకమే. రెండేళ్ళుగా వానల్లేవు. పల్లెవాళ్ళు ఉన్న విత్తనమంతా నేలలో పోశారు, నేల అంతా మింగేసింది. ఇప్పుడు ఆ రకం ఎక్కడైనా ఉందంటే మఠం దూలానికి వేలాడే ఆ జడ ఒక్కటే.

శౌరయ్య నిచ్చెన వేసుకుని ఆ జడ దించాడు. ట్రంకు పెట్టెలో గుడ్డ పరిచి పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మెళ్ళో సిలువ పక్కన వేసుకున్నాడు.

స్వాములవారు వంటింట్లోంచి బయటికి వచ్చారు. "దూలం బోసిగా ఉందేం? కండెలేవి?"

"భద్రం చేశాను స్వామీ. నా పెట్టెలో, తాళం వేసి."

స్వాములవారి ముఖం వెలిగిపోయింది. నేర్చుకున్న మాట వాడే అవకాశం వచ్చింది కదా. "ఓహో! పాత్తరేశావా!"

"అయ్యో, అలా అనకండి స్వామీ! పాతరేయడమంటే మా వైపు పూడ్చిపెట్టడం. చచ్చినదాన్ని గోతిలో వేసి మన్ను కప్పెయ్యడం."

"గింజలు దాచుకునేది పాత్తర అన్నావు."

"అదీ పాతరే."

"దాచేదీ పాత్తరే, పూడ్చేదీ పాత్తరే?"

"అవును స్వామీ."

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

శౌరయ్య తాళం ఒకసారి లాగి చూసుకున్నాడు. "సందర్భాన్ని బట్టి తెలుస్తుంది స్వామీ!" అని విసుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి స్వాములవారికి కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. వరండాలో ఉన్న ఆ పెట్టె ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా టోపీ తీసి చేత్తో పట్టుకుని, తల దించుకుని, మెల్లగా దాటేవారు. సమాధుల పక్కనుంచి వెళ్ళేటప్పుడు మనం వెళ్ళమూ, అలా. దాటాక టోపీ పెట్టుకునేవారు. వంటింటికి వెళ్ళాలన్నా, గుడికి వెళ్ళాలన్నా అదే దారి. టోపీ తియ్యడం, పెట్టడం, తియ్యడం, పెట్టడం.

"ఏమిటి స్వామీ ఇది?"

"ఏమో నాయనా. సందర్భాన్ని బట్టి."

శౌరయ్య పళ్ళు కొరుక్కున్నాడు. మఠంలో చేరినప్పుడు పేదరికానికి మాట ఇచ్చాడు, విధేయతకి మాట ఇచ్చాడు. ఓపికకి మాట ఇవ్వమని ఎవరూ అడగలేదు.

అప్పుడు వాన పడింది.

ఎడారిలో వాన మీరు చూడలేదు. నేనూ చూడలేదు, చూసినవాళ్ళు చెప్పారు. ముందు వాసన వస్తుందట, తర్వాత గాలి, ఆ తర్వాత ఆకాశమంతా ఒక్కసారి కుమ్మరించేస్తుందట. ఆ సాయంత్రం వాగు గర్జించుకుంటూ వచ్చింది. పాత కాలువ జాడలో కూడా నీళ్ళు నిలిచాయి. పొద్దునయ్యేసరికి నేల ఆవిర్లు కక్కుతోంది.

పొద్దున్నే దిగువ పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. తొమాసా అని పేరు, మనం తోమాసమ్మ అనుకుందాం. మోకాళ్ళదాకా బురద, భుజాన ఒక సంచి. వరండా మెట్టు మీద నిలబడింది.

"వాన పడింది నాయనా."

"పడిందమ్మా. దేవుడి దయ."

"విత్తనానికి వచ్చాను. మఠం దూలానికి మా కండెలున్నాయి కదా. మా అత్త కట్టిన జడ."

శౌరయ్య చెయ్యి మెళ్ళో తాళంచెవి మీదికి పోయింది. "అవి ఇవ్వడానికి లేదమ్మా. పెద్దవాళ్ళకి చూపించాలి. అవి ఆధారం."

"ఆధారమా?" అంది తోమాసమ్మ. "మాకూ అదే ఆధారం నాయనా."

"అలా కాదమ్మా. బజారులో విత్తనాలు అమ్ముతారు కదా, అవి వెయ్యండి."

"ఆ బజారు విత్తనానికి నాలుగు నెలలు నీళ్ళు కావాలి. ఈ వాగు నాలుగు నెలలు పారితే నాకు చేను ఎందుకు, పడవ కొనుక్కుని చేపలు పట్టుకుంటాను."

"పెద్దలు వచ్చి చూసి వెళ్ళిన మరుక్షణం ఇచ్చేస్తాను. మాట ఇస్తున్నాను."

"ఎప్పుడొస్తారు?"

"వాగు తగ్గాక."

"వాగు తగ్గాక నేల రాయి అవుతుంది. అప్పుడు విత్తితే ఏం మొలుస్తుంది, దుమ్ము మొలుస్తుంది. తడి మీద వెయ్యాలి. ఇవాళ, లేకపోతే రేపు."

"అమ్మా, మీకు అర్థం కావడం లేదు. ఇవి పోతే నా పనంతా పోతుంది."

"అవి మొలవకపోతే మాకు ఆ రకమే పోతుంది. సరే, కూర్చుంటాను."

మెట్టు మీద కూర్చుంది. శౌరయ్య కూడా, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు, వెళ్ళి పెట్టె మీద కూర్చున్నాడు. ఆవిడ లేవదు, ఇతను లేవడు. మధ్యలో బురద ఆరిపోతోంది. ఎండ పాకుతోంది. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి విసుగు, పాపం ఇద్దరిదీ కష్టమే.

అంతలో గుడి గంట మోగింది. మామూలు గంట కాదు. ఒక దెబ్బ, ఆగి, ఇంకో దెబ్బ. ఎవరో పోయినప్పుడు కొట్టే గంట.

శౌరయ్య ఉలిక్కిపడి చూశాడు. సెవేరో స్వాములవారు వస్తున్నారు. చావు ప్రార్థనలకి మాత్రమే వేసుకునే నల్ల అంగీ తొడుక్కున్నారు. ఒక చేతిలో తీర్థపు నీళ్ళ గిన్నె, ఇంకో చేతిలో నీళ్ళు చల్లే కొమ్మ. టోపీ లేదు. తిన్నగా వరండాలోకి వచ్చి పెట్టె ముందు నిలబడ్డారు.

"లే నాయనా," అన్నారు. "దాని మీద కూర్చోకూడదు. తప్పు."

శౌరయ్య లేచాడు. స్వాములవారు పెట్టె మీద నీళ్ళు చల్లారు. కళ్ళు మూసుకుని, పోయినవారి కోసం పాడే పాట ఎత్తుకున్నారు.

తోమాసమ్మ గబగబా సిలువ గుర్తు వేసుకుని మోకరించింది. కొంగు నెత్తిమీదికి లాక్కుని తనూ అందుకుంది. పాట ఆగిన చోట, "ఎవరు పోయారు స్వామీ?" అని అడిగింది.

"ఒక ఇంటివాళ్ళమ్మా."

"అయ్యో. అందరూనా?"

"అందరూ. ముందు ముందు పుట్టాల్సినవాళ్ళతో సహా."

"అయ్యయ్యో, నా తండ్రీ!" అని ఆవిడ నిజంగానే ఏడుపు అందుకుంది. స్వాములవారు మళ్ళీ పాట ఎత్తుకున్నారు.

శౌరయ్యకి సిగ్గూ కోపం రెండూ ముంచుకొచ్చాయి. "ఆపండి స్వామీ! ఎవరూ పోలేదు! అందులో శవం లేదు, మొక్కజొన్న ఉంది! అది నేను దాచిన పాతర!"

స్వాములవారు పాట ఆపారు. కళ్ళు తెరిచారు.

"ఏ పాత్తర నాయనా?" అన్నారు.

శౌరయ్య పెట్టె వైపు తిరిగాడు. కొమ్మ నుంచి నీటి బొట్టు ఒకటి పెట్టె మూత మీద పడి ఆరిపోవడం ముగ్గురూ చూశారు.

అతని చెయ్యి దానంతటదే మెళ్ళోకి వెళ్ళింది. తాళం తీశాడు. మూత ఎత్తాడు. పొగ వాసన గుప్పుమంది. జడ విప్పి కండెలు ఒక్కొక్కటే తోమాసమ్మ సంచిలో వేశాడు. ఒక కండె మాత్రం అరచేతిలో పట్టుకుని, మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ఒక్కటే కదా. పక్కన పెట్టి చూపించడానికి ఒక్కటైనా ఉండాలి కదా.

స్వాములవారు ఆకాశం వైపు చూసి, చాలా చిన్న గొంతుతో, పసిపిల్ల సమాధి దగ్గర పాడినట్టు, మళ్ళీ పాట మొదలుపెట్టారు.

"అబ్బబ్బబ్బ! ఇదిగో!" అని శౌరయ్య ఆ ఒక్కటీ సంచిలో పడేశాడు.

పాట ఆగిపోయింది.

తోమాసమ్మ ఆగలేదు. అక్కడే మెట్టు మీద ఒడి పరిచి ఒలవడం మొదలుపెట్టింది. కండెకి కండె రాస్తుంటే తెల్లటి చిన్న గింజలు వాన చినుకుల్లా ఒడిలో రాలాయి. ఒలిచిన బెండ్లు పక్కన పడేసింది. గింజలు సంచిలో పోసుకుని, స్వాములవారి చెయ్యి ముద్దుపెట్టుకుని, శౌరయ్య వైపు చూసి, "ఊరికే నిలబడతావేం నాయనా? గుంటలు పొడవడానికి ఒక మనిషి కావాలి, త్వరగా రా" అని బురదలోకి దిగి వెళ్ళిపోయింది.

శౌరయ్య వెంటనే కదల్లేదు. మెట్టు మీది బెండు ఒకటి తీసుకున్నాడు. లోపలికి వెళ్ళి, ఖాళీ గుంతల్లో దొరికిన ఆ గోరంత కాలిన ముక్క తెచ్చి పక్కన పెట్టి చూశాడు. అదే గరుకు. అవే గూళ్ళు, గింజ పోయాక మిగిలినవి. ఖాళీ గుంతలవాళ్ళూ ఇలాగే ఒలుచుకుని చేలోకి పట్టుకెళ్ళి ఉంటారు అనుకున్నాడు. తర్వాత లేచి, మొన చెక్కిన కర్ర ఒకటి భుజాన వేసుకుని దిగువకి నడిచాడు.

వాగు తగ్గింది. దారి పడింది. రాజధాని పెద్దలు ముగ్గురూ వచ్చారు. చెప్పుల నిండా ఇసుక, ముఖం నిండా చిరాకు. నిండిన గుంత చూశారు, ఊఁ అన్నారు. శౌరయ్య ఒలిచిన బెండ్లు పక్కన పెట్టి చూపించాడు.

"గింజలున్న కండె లేదా?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"చేలో ఉందండీ. ఇంకా పుట్టలేదు."

"ఏమిటీ?"

శౌరయ్య దిగువకి చూపించాడు. అక్కడ వాగు ఒడ్డున, వేల ఏళ్ళ కిందట ఎవరో తవ్వుకున్న కాలువ పక్కనే, మోకాలెత్తు పచ్చదనం గాలికి ఊగుతోంది. తోమాసమ్మ పిల్లలమీద అరుస్తూ కాకుల్ని తోలుతోంది, లేదా కాకులమీద అరుస్తూ పిల్లల్ని తోలుతోంది. అంత దూరం నుంచి తెలియలేదు.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "మమ్మల్ని ఇంత దూరం రప్పించి, ఇంకా పుట్టలేదంటావా?" అని పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. కానీ కళ్ళు మాత్రం ఆ చేను మీది నుంచి తియ్యలేదు. చివరికి, "సరే, పండాక మళ్ళీ వస్తాం. అప్పటిదాకా ఏదీ పూడ్చకండి" అన్నాడు.

వెళ్ళబోతూ వరండాలో ట్రంకు పెట్టె కనిపిస్తే ఆగాడు. "ఇందులో ఏముంది?"

శౌరయ్య మూత పూర్తిగా ఎత్తి చూపించాడు.

"ఖాళీ," అన్నాడు. ఆ వెంటనే, తను అంటున్నట్టు తనకే తెలియకుండా, "దేవునికి స్తోత్రం" అన్నాడు.

పెద్దాయన ఈ మనిషికి ఎండదెబ్బ తగిలిందని అనుకుని మెట్లు దిగిపోయాడు.

సెవేరో స్వాములవారు అప్పుడే వంటింటి వైపు నుంచి వస్తున్నారు. ఆ పెట్టె పక్కనుంచే నడిచి వెళ్ళారు. టోపీ తియ్యలేదు.

అంతేనమ్మా. ఇంతకన్నా నేను చెప్పేది లేదు, చెబితే ఆ ముసలాయన వచ్చి నా నెత్తి మీద కూడా తీర్థం చల్లుతారు. మీరు ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. శౌరయ్య ఆ పెట్టె మూత తీశాడు. ఇళ్ళకు వెళ్ళాక, మన ఇంట్లో కూడా అలాంటి మూత ఒకటి ఎక్కడో ఉంటుంది, వెతకండి. వెతికి, మీరూ ఒకసారి తియ్యండి. గాలి ఆడనివ్వండి. ఇక లేవండి, చాపలు దులపండి.